చాందా నేలలోని ఏనుగు కాసులు

ఒక జాతి పూర్వచరిత్రను తెలిసికొనుటకు శాసనములు, కావ్యములు, యాత్రికుల వ్రాతలు ఎట్లు ఆధారములో నాణెములును అట్లే ఆధారములు. శాసనము చెక్కినచోటనే నిలిచియుండును; నాణెమట్లు కాదు. అది రాజు టంకశాలలో పుట్టి, వర్తకుని సంచిలో నదులు దాటి, కూలివాని కొంగున ముడివడి, తుదకు ఏ కుండలోనో ఏ గోడక్రిందనో దాగి, మఱల మనకంటబడును. వ్రేలిగోరంత లోహపు బిళ్లపై ఒక రాజు పేరు నిలిచియుండుట యెంత వింతయో, ఆ బిళ్లవలననే ఆ రాజు ఉండెనని మనకు తెలియుట అంతకంటె వింత.

లాల్‌పేట్‌లో బొగ్గుగనుల చెంత స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ పాతకాసులతో ఏమి పని యని చదువరులు అడుగవచ్చును. పని కలదు. అదియు రెండు విధముల కలదు. ఒకటి మన కాళ్లక్రింది నేలకు సంబంధించినది. రెండవది మన యిండ్లలోని పెట్టెలకు సంబంధించినది. ఈ రెంటినిగూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు ఇచట విన్నవించుచున్నాము.

మొదట నేలసంగతి. మనము పనికొఱకు వచ్చినవారము. ఈ ప్రాంతమునకు క్రొత్తవారమని మనలో చాలమంది తలపు. అది నిజమే. కాని మనకంటె ఎన్నో శతాబ్దములు ముందు, గోదావరీతీరమునేలిన శాతవాహనుల కాసులు ఈ చాందా జిల్లాకు వచ్చి యిక్కడి మట్టిలో నిదురించెను. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఈ జిల్లాలో అట్టి కాసుల నిధియొకటి బయల్పడెను. హోర్న్లే అను పండితుడు 1893లో బెంగాలు ఏసియాటిక్ సొసైటీవారి పత్రికలో దానిని వర్ణించెను. తరువాత రాప్సన్ పండితుడు 1908లో లండనులో ప్రకటించిన ఆంధ్రరాజుల నాణెముల గ్రంథమునందు చాందా జిల్లా కాసులకు ప్రత్యేకస్థానము లభించెను. ప్రపంచమున శాతవాహన నాణెములను చదువువారందఱికిని చాందా పేరు సుపరిచితము. మన కాలనీలలో పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రము ఈ సంగతి తెలియదు!

ఆ కాసులు బంగారువి కావు, వెండివియు కావు. రాగిలో తగరము, సీసము కలిపి పోతపోసిన మిశ్రలోహపు కాసులవి. పండితులు దీనిని పోటిన్ అందురు. ఒకవైపున తొండమెత్తి నిలిచిన ఏనుగు. దానిపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో రాజు పేరు. రెండవవైపున ఒక చతుష్పథము కొనలయందు నాలుగు వలయములు గల చిహ్నము. దీనికి ఉజ్జయినీ చిహ్నమని పేరు. తూకమునకు అమ్మిన ఇత్తడి ముక్క వెలయైనను రాని ఈ కాసులు పులుమావి, యజ్ఞశాతకర్ణి వంటి రాజుల పేళ్లను మోసికొనివచ్చినవి.

ఇచట ఒక ముచ్చట చెప్పవలెను. చాందా కాసులలో కొన్నిటిపైనున్న పేరును రాప్సన్ కృష్ణశాతకర్ణి యని గ్రహించెను. చాలకాలము అదియే నిలిచెను. 1939లో అప్పటి అకోలా జిల్లాలోని తర్హాళా గ్రామమున సుమారు 1,600 శాతవాహన కాసులు ఒక్కచోటనే దొరకెను. నాగపూరు సంస్కృతాచార్యులైన వాసుదేవ విష్ణు మిరాశీగారు వానిని ఒక్కొక్కటిగా పరిశీలించిరి. ఒకదానిపై చెరిగిన అక్షరము మఱియొకదానిపై నిలిచియుండెను. ఒకదానిపై అంచు దాటిపోయిన పేరు ఇంకొకదానిపై పూర్తిగా పడియుండెను. ఇట్లు పోల్చి చూచి, ఆ పేరు కృష్ణుడు కాదు, కర్ణశాతకర్ణి యని మిరాశీగారు వాదించిరి. అంతేకాదు, పురాణముల రాజవంశావళిలో కానరాని కుంభశాతకర్ణి, శకశాతకర్ణి మొదలగు వారి పేళ్లును ఆ కాసులవలననే బయటికి వచ్చెను. పురాణము మఱచిన రాజును ఏనుగు కాసు మఱవలేదు.

ఈ ముచ్చటను ఇంత వివరముగ చెప్పుటకు కారణమున్నది. ఆ 1,600 కాసులు దొరకిననాడే పదిమంది పంచుకొని పదియూళ్లలో అమ్మియుండినచో, కాసులు మిగిలియుండును గాని కర్ణశాతకర్ణి మిగిలియుండడు. నాసిక చెంత జోగల్‌తెంభీలో 1906లో దొరకిన నిధియును ఇట్టిదే. అందులో 13,000కు పైగా వెండినాణెములు కలవు. అన్నియు క్షహరాత నహపానునివే; కాని వానిలో ఇంచుమించు మూడింట రెండువంతులపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మఱల కొట్టించెను. ఒకటి రెండు నాణెములను చూచినవానికి అది వింతగా తోచును. నిధినంతటిని చూచినవానికి ఒక రాజ్యము చేతులు మారిన కథ కనబడును. కావున నాణెము విలువ దాని లోహములో కొంత, దాని అరుదుదనములో కొంత, అది యెచట ఎవరితో కలిసి దొరకినదను జ్ఞానములో అధికభాగము ఉన్నది.

ఇట్టి జ్ఞానమును కాపాడినవారు ప్రభుత్వోద్యోగులు మాత్రమే కారు. సొంత ఆసక్తితో సేకరించినవారును కలరు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ దొర 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించినవాడని మనకు తెలియును. ఆయన దక్షిణదేశపు నాణెములను జీవితమంతయు కూర్చి, వార్ధక్యమున చూపు ఇంచుమించు పోయిన తరువాత 1886లో వానిపై గ్రంథమును వెలువరించెను. ఆ మఱుసటియేడే కన్నుమూసెను. ఆయన కూర్చినవానిలో పెక్కు నాణెములు బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. మన నాణెములు మన దేశము దాటిపోవుట బాధాకరమే. కాని అవి కరగిపోలేదు, చెదరిపోలేదు. వానిపై గ్రంథము నిలిచినది.

మనవారిలో ఇంతకంటె దగ్గరి ఉదాహరణమున్నది. మన పెద్దలలో అనేకులు బయలుదేరి వచ్చిన కరీంనగరు సీమలో, గోదావరి యొడ్డున కోటిలింగాల యను ఊరున్నది. ఇప్పుడది జగిత్యాల జిల్లాలోనిది. పురాతత్త్వశాఖలో ఉద్యోగి కాకపోయినను, చరిత్రాభిమానియైన ఠాకూరు రాజారాం సింగుగారు ఆ ప్రాంతమున దొరకిన చిన్న చిన్న కాసులను ఓపికతో కూర్చి పండితుల దృష్టికి తెచ్చిరి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి ప్రకటించిరి. గోభద, నారన, సమగోప అను శాతవాహన పూర్వరాజుల పేళ్లును, శాతవాహన వంశకర్త యని చెప్పబడు ఛిముకుని పేరును అట్లు వెలుగుచూచెను. పొలములో దొరకిన కాసును పాఱవేయక దాచిన చేయి, దానిని అడిగి తెచ్చిన చేయి, చదివిన కన్ను — ఈ మూడును కలిసిననే చరిత్ర పుట్టినది.

ఇక వేలములసంగతి. బల్లార్షా కలపడిపోలో టేకు దుంగల వేలమును చూచినవారు మనలో పెక్కురు కలరు. దుంగలను లాట్లుగా పేర్చి, అంకెలు వేసి, పాట పాడింతురు. నాణెముల వేలమును ఇంచుమించు అట్లే జరుగును. సేకరించినవాడు గతించిన పిమ్మటనో, డబ్బు అవసరపడినప్పుడో, ఆ సంగ్రహము వేలము సంస్థకు చేరును. వారు ఒక్కొక్క నాణెమునకు బరువు, కొలత, రాజు, టంకశాల, స్థితి వ్రాసి, ఛాయాచిత్రముతో పట్టికను అచ్చువేయుదురు. దీనికంటె తక్కువకు ఈయరాదని అమ్మకందారు ఒక కనీసపు ధరను పెట్టుకొనవచ్చును. పాట ముగిసినపిమ్మట కొన్నవాడు పాటధరపై సంస్థకు కొంత రుసుమును చెల్లించును. ఇపుడు ముంబయి, బెంగళూరు, అహమ్మదాబాదు మున్నగు నగరములలో ఇట్టి వేలములు జరుగుచున్నవి.

వేలము చెడ్డదని మేము చెప్పము. మంచి పట్టికతో, సేకరించినవాని పేరుతో జరిగిన వేలములో నాణెములు నూఱిండ్లకు పోయినను ఆ పట్టిక నిలుచును. దానిని చూచి ముందుతరమువారు ఆ సంగ్రహమును కాగితముపైనైనను మఱల కూర్చుకొనగలరు. తొందరపాటు వేలముల గతి వేఱు. ఈజిప్టు రాజు ఫరూఖు 1952లో పదవి కోల్పోగా, ఆయన కూర్చిన అపారమైన నాణెసంపదను 1954లో కైరోలోని రాజభవనమున వేలము వేసిరి. అనేక నాణెములను గుత్తగా ఒకే లాటుగా కట్టి అమ్మిరి. అందులోని అమెరికా దేశపు 1933 నాటి ఇరువది డాలర్ల బంగారునాణెమును ఆ దేశప్రభుత్వము కోరికపై పాటనుండి తొలగించిరి; పిమ్మట అది కనుమఱుగయ్యెను. అదేనని భావింపబడిన నాణెము ఎన్నో ఏండ్లకు బయటపడి, 2002లో 75 లక్షల డాలర్లకు పైగాను, మఱల 2021లో 1 కోటి 89 లక్షల డాలర్లకును అమ్ముడుపోయినది.

హైదరాబాదుతో ముడిపడిన కథయు ఒకటి కలదు. జహాంగీరు చక్రవర్తి 1613లో ఆగ్రాలో ముద్రింపించిన వేయి మొహరీల నాణెమొకటి ఇంచుమించు 12 కిలోల బంగారముతో కంచమంత వెడల్పున నుండెడిది. అది నిజాము వంశీయుల చేతికి వచ్చినదని ప్రతీతి. 1987లో దానిని జెనీవాలో వేలమునకు పెట్టనున్నారను వార్త రాగా, మన కేంద్రప్రభుత్వము దర్యాప్తు చేయించెను. అంత పెద్ద నాణెమే జాడ తెలియకుండ పోయినపుడు, మన పెట్టెలలోని చిన్నకాసుల మాట చెప్పనేల?

ఆ పెట్టెలను ఒకసారి తెఱచిచూడుడు. మన తాతలు హైదరాబాదు రాష్ట్రమునుండి వచ్చిననాడు రెండు నాణెములు చెల్లుచుండెను. అటు నిజాముగారి హాలీ సిక్కా. ఇటు ఆంగ్లేయుల కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆఱు కల్దారు రూపాయలని లెక్క. వార్ధా నదికి ఆవలనున్న రాజురా తాలూకా 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. కావున బల్లార్షావద్ద నది దాటినచో రూపాయి మారెడిది. గనిలో కల్దారు కూలి పుచ్చుకొని, ఊరికి పోయి హాలీలో బాకీ తీర్చిన మన పెద్దలకు ఈ లెక్క వ్రేళ్లపై నుండెడిది. ఆ హాలీ రూపాయిపై చార్మినారు బొమ్మ యుండును. దాని ద్వారమున మీము అను అక్షరమున్న మహబూబ్ అలీఖాను కాలము నాటిది. ఐన్ అను అక్షరమున్న ఉస్మాన్ అలీఖాను కాలము నాటిది. 1959 తరువాత ఈ నాణెము చెల్లుట మానెను. నేడు అది బజారులో అంత అరుదైనది కాదు. కాని మీ తాతగారు మొదటిసారి గోదావరి దాటిననాడు మొలనూలి సంచిలో తెచ్చిన రూపాయి ప్రపంచములో ఒక్కటే.

ఇట్లు చెప్పు మేమును తప్పుచేసినవారమే. చిన్నతనమున దసరా పండుగకు దేవునిపటము ముందఱి రాగికాసులను చింతపండుతో, బూడిదతో తోమి తళతళలాడించుట మా పని. పాతకాసుపై పట్టిన పొర దానిని కాపాడు కవచమని, తోమినకొలది అక్షరములు అఱుగుననియు, కొనువారు అట్టిదానికి సగము ధరయైన ఈయరనియు ఎన్నో ఏండ్లకు తెలిసినది. అంతకంటె పెద్దతప్పు మఱియొకటి. మా యింటిలో అమ్మమ్మ కూర్చిన నాణెముల పిడత యుండెడిది. ఆమె పోయిన పిమ్మట, ఇంటి మరమ్మతుకు చాలక, పెద్దలు దానిని ఒక వ్యాపారికి తూకమున అమ్మివేసిరి. ఎన్ని నాణెములో, ఏవియో, ఎవరు ఇచ్చినవో ఒక్క అక్షరమైన మేము వ్రాసికొనలేదు. వచ్చిన డబ్బు పైకప్పు రేకులకు సరిపోయెను. ఆ అమ్మకమును మేము తప్పుపట్టము; వాన కురియు ఇంటికి కప్పు కావలసినదే. వ్రాసికొనకపోవుటయే మా బాధ.

కావున మా విన్నపము స్వల్పము. ఇంటిలో పాతకాసులున్నచో తోమకుడు, కరగింపకుడు, కాసులపేరు మార్పించునపుడు పాతబిళ్లలను చూడక కొలిమికి ఈయకుడు. ఒక్కొక్కదానిని వేఱువేఱు కాగితపు సంచిలో నుంచి, ఎవరు తెచ్చిరి, ఏ ఊరినుండి, ఏ సందర్భమున అని తేదీతో వ్రాసిపెట్టుడు. రెండువైపుల ఛాయాచిత్రము తీయుడు. అమ్మవలసివచ్చినచో ఆ కాగితముతోనే అమ్ముడు. నూఱేండ్లు దాటిన నాణెము 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. దానిని దేశము దాటింపరాదు, లైసెన్సు లేక వ్యాపారము చేయరాదు. ఇంటి పునాదిలోనో చేనిలోనో నిధి దొరకినచో 1878 నాటి చట్టము ప్రకారము జిల్లా కలెక్టరుకు తెలుపవలెను. తెలిపినవానికి నష్టమని భయపడనక్కఱలేదు. ప్రభుత్వము దానిని తీసికొనినచో లోహపు విలువపై అయిదవవంతు చేర్చి యిచ్చునట్లు ఆ చట్టముననే ఉన్నది. దాచినవానికే శిక్ష.

ఏనుగు కాసులను ఈ చాందా నేలలో పాతిపెట్టినవా డెవ్వడో మనకు తెలియదు. బహుశః మనవలెనే పనికొఱకో వ్యాపారముకొఱకో ఇటు వచ్చి, తిరిగి తీసికొనవలెనని దాచి, తీసికొనలేకపోయినవాడై యుండును. వాని పేరు పోయినది; వాని కూడిక నిలిచినది. మన పెద్దల కూడికతోపాటు వారి పేళ్లును నిలుపుట మన చేతిలోని పని. దానికి కావలసినది ధనము కాదు. ఒక కాగితము, ఒక కలము, ఇంటిలోని ముదుసలి చెంత కూర్చుండుటకు ఒక సాయంకాలము.