వెనక్కు జరిగిన దీపస్తంభం

ఉత్తర కేరొలైనా తీరంలో, అట్లాంటిక్‌కు ఎదురొడ్డి నిలిచిన ఇసుక దీవుల వరుసను ఔటర్ బ్యాంక్స్ అంటారు. అందులోని కేప్ హాటెరస్ దీపస్తంభం 1870 నాటిది. దాదాపు 200 అడుగుల ఇటుక కట్టడం. ఒంటినిండా మెలి తిరిగిన నలుపు తెలుపు చారలు. యాత్రికులు దానిని చూసి వెళ్ళిపోతారు. అది మొదట నిలిచిన చోటు మాత్రం అక్కడికి 2,900 అడుగుల దూరంలో, ఒడ్డు పక్కన ఉంది. ఆ రెండు చోట్ల నడుమ ఒక చరిత్ర ఉంది.

కట్టిననాడు సముద్రం 1,500 అడుగుల అవతల ఉండేది. 1930ల నాటికి కెరటాలు పునాది దాకా వచ్చాయి. 1936లో దీపాన్ని లోపలి వైపునున్న ఉక్కు స్తంభానికి మార్చారు. ఆ దశాబ్దంలోనే నిరుద్యోగ యువకుల దళాలు కంచెలు పాతి, గడ్డి నాటి ఇసుక దిబ్బలను పెంచాయి. తీరం కుదుటపడిందనిపించి, 1950లో దీపం పాత స్తంభానికి తిరిగి వచ్చింది.

ఈ తీరాన్ని దేశంలో మొట్టమొదటి జాతీయ సముద్రతీరంగా రక్షించడానికి 1937లోనే చట్టం చేశారు. నేలను సహజస్థితిలో ఉంచాలన్నది దాని ఉద్దేశం. అయితే ఇటువంటి దీవికి సహజస్థితి అంటే కదలికే. తుఫాను కెరటాలు ఇసుకను దీవి మీదుగా వెనుకవైపుకు చేరవేస్తాయి; దీవి మెల్లగా ప్రధాన భూభాగం వైపు జరుగుతుంది. పెంచిన దిబ్బలు ఆ దారిని మూసివేశాయి. ముందు కోత ఆగలేదు. వెనుక మేట పడలేదు. 1970 నాటికి స్తంభానికీ సముద్రానికీ మధ్య మిగిలింది 120 అడుగులే.

పునాదిలో మంచినీటి తేమలో మునిగి ఉన్న పైన్ దుంగలున్నాయి. ఉప్పునీరు తగిలితే అవి చెడిపోతాయి. 1988లో జాతీయ విజ్ఞానశాస్త్రాల అకాడమీ నిపుణులు స్తంభాన్ని జరపడమే మేలన్నారు. కూలిపోతుందన్న భయంతో స్థానికులు అనేకులు వ్యతిరేకించారు. సముద్రానికి మరొక అడ్డుగోడ కట్టమన్నారు. చివరకు 1999లో, 4,800 టన్నుల కట్టడాన్ని పట్టాల మీద 23 రోజులలో వెనక్కు జరిపారు. సముద్రానికీ దానికీ మధ్య మళ్ళీ మొదటినాటి దూరం ఏర్పడింది.

అదే తీరంలోని రోడాంథిలో 2020 తరువాత ఇళ్ళు ఒక్కొక్కటిగా అలలలో కూలుతున్నాయి. దీపస్తంభానికి వెనుక ఖాళీ నేల ఉంది, ప్రభుత్వ ధనం ఉంది. ఈ ఇళ్ళలో చాలావాటికి ఆ రెండూ లేవు. తీరాన్ని రక్షించడమంటే దానిని కదలనివ్వడమేనని ఒప్పుకున్నాక, ఆ కదలికకు మూల్యం ఎవరు చెల్లించాలన్న ప్రశ్న మిగిలే ఉంది.