గోలీ సోడా సీసా వయసు: కర్నూలు, కడప జిల్లాల్లో కాలనిర్ణయ సమస్య

కర్నూలు, కడప ప్రాంతాల్లో పాత సామాన్ల దుకాణంలో గోలీ సోడా సీసా కనబడితే చాలు, తెల్లదొరల నాటిదని తేల్చేస్తారు. ఆ తీర్పుకు ఆధారం ఆకారం ఒక్కటే. అది చాలదన్నదే ఈ వ్యాసంలోని వాదన.

నొక్కిన మెడ, లోపల గోలీ, మూతిలో రబ్బరు వాషరు ఉండే ఈ సీసాకు ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. గ్యాసు ఒత్తిడే గోలీని పైకి నెట్టి వాషరుకు అదిమిపెడుతుంది. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూతకు పేటెంటు తెచ్చాక పాశ్చాత్య దేశాల్లో గోలీ సీసా క్రమంగా వెనకబడింది. మన దగ్గర నిలిచింది. కడిగి మళ్లీ నింపుకోవచ్చు, మూతలు కొనే పని లేదు. మండుటెండల సీమలో చిన్న సోడా వ్యాపారికి అది పెద్ద వెసులుబాటు. కాబట్టి 1872 కింది హద్దు మాత్రమే. పై హద్దు మన కాలం దాకా సాగుతుంది.

సీసాల వయసు కట్టడానికి సాధారణంగా అచ్చు అతుకు గీతను చూస్తారు. గీత మెడ దగ్గర ఆగిపోతే మూతిని చేత్తో తీర్చారని, అంచు దాకా పాకితే యంత్రం మీద చేశారని లెక్క. మైకేల్ ఓవెన్స్ స్వయంచాలక యంత్రం 1903లో వచ్చింది గనుక రెండో రకం చాలావరకు ఆ తర్వాతిదే. గోలీ సీసాకు ఈ సూత్రం యథాతథంగా నప్పదు. గోలీని లోపల వేశాకే మూతిని బిగించి, వాషరు కూర్చునే గాడి తీర్చాలి. ఆ పనిలో గీత చెరిగిపోతుంది. గీత లేదు కాబట్టి పాతదనడం తొందరపాటు.

ముదురు రంగు సారా, బీరు సీసాల సంగతి వేరు. వాటి అడుగున, తయారీలో సీసాను పట్టుకున్న కడ్డీని విరిచిన గరుకు మచ్చ ఉంటే 1870కి ముందువి కావచ్చు. కర్నూలు–కడప కాలువ పనులు 1863లో మొదలయ్యాయి. మద్రాసు–రాయచూరు రైలుమార్గం 1871కి పూర్తయింది. ఈ రెండూ ఆ కాలపు పనులే గనుక అలాంటి సీసాల కోసం కాలువ గట్ల వెంట, పాత స్టేషన్ల చుట్టూ వెతుకుతారు.

రంగును అతిగా నమ్మకూడదు. గాజు పచ్చదనం పోగొట్టడానికి కలిపిన మాంగనీసు ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఊదా రంగుకు తిరుగుతుంది. అది ఎండ ఎంత తగిలిందో చెబుతుంది, ఏ సంవత్సరమో చెప్పదు.

ఉబ్బెత్తు అక్షరాలు మేలైన సాక్ష్యం. ఉదాహరణకు, అమృతాంజనం కంపెనీ 1893లో బొంబాయిలో మొదలైంది. లిమిటెడ్ కంపెనీ అయింది 1936లో. ‘లిమిటెడ్’ అని ఉన్న దాని సీసా అంతకు ముందుది కాదు. కడప పాత ఇంగ్లీషు వర్ణక్రమం మాత్రం 2005 దాకా చెల్లింది, కాబట్టి దానితో తేలేది తక్కువ.

ఇక అడుగు అంచున అరిగిన వలయం మళ్లీ మళ్లీ వాడిన గుర్తు. తయారైన కాలం, పారేసిన కాలం మధ్య దశాబ్దాలు ఉండవచ్చు. అందుకే దొరికిన చోటు, లోతు, పక్కన దొరికిన పెంకులు తెలియని సీసాకు సగం చరిత్రే మిగులుతుంది. సేకరించేవారు సీసాను కడగకముందే అడుగు, మూతి ఫొటోలు తీసి, ఊరి పేరు రాసి ఉంచాలి.