అభియుక్తునకు అండ యెవ్వరు? – ఎఱుకల జాతి చరిత్రమున న్యాయవాది స్థానము

ఈ వార్షిక సంచికకు మన జాతి చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరగా, వంశమూలములను, పురాతన వైభవములను విడిచి, మన వాకిట నిత్యము ఎదురగు నొక విషయమునే యెన్నుకొంటిని. మనలో నెవనిపైనైన నేరము మోపబడినపుడు వాని పక్షమున నోరు విప్పువాడెవడు? ఈ ప్రశ్నకు పూర్వము లభించిన సమాధానమేది, నేడు లభించుచున్నదేది యని విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

భారతము ఆదిపర్వమున మాండవ్యమహర్షి కథ కలదు. ఆయన ఆశ్రమద్వారమున చేతులెత్తి మౌనవ్రతముతో తపస్సు చేయుచుండగా, రాజభటులు తఱుమగా పరుగెత్తివచ్చిన దొంగలు దోచిన సొమ్ముతో ఆ యాశ్రమముననే దాగిరి. దొంగలెటు పోయిరని భటులడిగిరి. మహర్షి పలుకలేదు. వెదకగా దొంగలును సొమ్మును అచ్చటనే దొరకినందున భటులు మహర్షిని గూడ వారితో జేర్చి పట్టుకొనిపోయిరి. రాజు శూలారోపణమునకు ఆజ్ఞ యిచ్చెను. పిమ్మట నిజము తెలిసి క్షమాపణము వేడెను గాని, శూలమును పెఱికివేయుట సాధ్యము కాక కోసివేయవలసి వచ్చెను. మిగిలిన ముక్క శరీరమున నిలిచినందున ఆయన అణిమాండవ్యుడని పిలువబడెను. మౌనమును నేరాంగీకారముగా నెంచుట, ఉన్న చోటును బట్టి దొంగ యనుట, విచారణ లేకయే శిక్షించుట – ఈ మూడు దోషములును ఆ కథలో నున్నవి. తరువాత నా మహర్షియే ధర్మదేవతను నిలదీసి, బాల్యమున తెలియక చేసిన పనికి ఇంతటి దండనమా యని వాదించి, పదునాలుగేండ్ల లోపువారి చేతలకు పాపము లేదని మర్యాద నేర్పఱచెను. వాదించిన పిమ్మటనే ఆయనకైనను న్యాయము కలిగెను.

మన ధర్మశాస్త్రములలో వ్యవహారకాండ మిగుల విపులమైనది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారముగా గొని కేతన 13వ శతాబ్దిలో విజ్ఞానేశ్వరీయమును తెలుగున రచించెను. ధనవివాదములందు తనకు బదులు మఱియొకని నియోగించుకొనుటకు స్మృతికారులు సమ్మతించిరి. కాని హత్య, చౌర్యము మొదలగు గొప్ప యభియోగములందు ప్రతినిధి కూడదనియు, నిందితుడు తానే ఉత్తర మీయవలెననియు కాత్యాయనుడు విధించెను. ప్రాణము పోవు చోటనే మనుష్యుడు ఒంటరి యయ్యెనన్నమాట. శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకము చూడుడు. నిరపరాధియైన చారుదత్తుడు న్యాయసభలో నిలిచియుండగా, మిత్రుని యొద్దనుండి జారిపడిన నగలే అతనికి ప్రతికూల సాక్ష్యములయ్యెను. లజ్జచేతను దుఃఖముచేతను అతడు చెప్పవలసిన మాట చెప్పలేకపోయెను. నిర్దోషి యైనంత మాత్రమున వాదసమర్థుడు కానక్కఱలేదు. శోకమున నున్నవాడు తన పక్షమును తానే చక్కగా చెప్పుకొనలేడు.

ఆంగ్లేయుల పాలనమున వకీళ్ల వృత్తికి కట్టుబాట్లు ఏర్పడెను. 1793లో వంగరాష్ట్రమున వెలువడిన రెగ్యులేషను ఆ వృత్తిని క్రమబద్ధము చేసెను. 1862లో మదరాసు హైకోర్టు వెలసెను. 1872 నాటి సాక్ష్యచట్టము, పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారము నిందితునిపై సాక్ష్యముగా చెల్లదని శాసించెను. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 340వ సెక్షను, క్రిమినలు కోర్టులో నిందితుడైన ప్రతివానికిని ప్లీడరుచే తన పక్షమును వాదింపించుకొను హక్కు కలదని చెప్పెను. కాత్యాయనుడు నిషేధించిన చోటనే క్రొత్త చట్టము తలుపు తెఱచినది.

కాని ఆ తలుపు మనకు మాత్రము మూయబడియుండెను. ఆ చరిత్రము ఎఱిగినగాని న్యాయవాది విలువ తెలియదు. మన పూర్వులు గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పును ధాన్యమును సముద్రతీరమునుండి లోపలి సీమలకు చేరవేసి, బుట్టలల్లి, ఎఱుక చెప్పి జీవించెడివారు. రైళ్లు వచ్చుటచేతను, ఉప్పుపై ప్రభుత్వ నిర్బంధములు పెరుగుటచేతను ఆ వర్తకము నశించెను. బ్రదుకుతెరువు పోయినవారిని ఆదరింపక, ప్రభుత్వము అనుమానించెను. ఉత్తరదేశమున 1871లో పుట్టిన క్రిమినలు ట్రైబ్సు ఆక్టు, 1911 నాటి చట్టముచే మదరాసు రాజధానికిని వర్తించెను. ఒక తెగ నంతటిని నేరస్థులని ప్రభుత్వము ప్రకటింపవచ్చును, తెగలోని వారి పేళ్లు పట్టికకెక్కును, వ్రేలిముద్రలు తీసికొనబడును, చెప్పిన వేళకు హాజరు కావలెను, సెలవు లేక ఊరు దాటరాదు. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము మన వారికై సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంస్థ నడపిన సెటిల్మెంటుగా ఆ కాలముననే వెలసినది.

ఆ చట్టమున మిక్కిలి క్రూరమైన యంశము వేఱొకటి కలదు. ప్రభుత్వ ప్రకటన న్యాయమా, అన్యాయమా యని యే కోర్టును విచారింపరాదని అందు విధింపబడెను. ఎవడు ఏమి చేసెనను ప్రశ్న యున్నచోట న్యాయవాదికి పని యుండును. ఎవడు ఎవనికి పుట్టెనను ప్రశ్నయే ప్రమాణమైనచోట అతడు వాదించుటకేమి యున్నది? పుట్టుకకు అడ్డుపరీక్ష లేదు. మన జాతి ఏకలవ్యుని స్మరించుకొనును. ఆయన బొటనవ్రేలిని గురుదక్షిణగా అడిగిరి. మా తాతగారి బొటనవ్రేలిని ప్రతిదినము పుస్తకములో ముద్రకై అడిగిరి. రాత్రి హాజరు పిలుపునకు లేచి నిలుచు నలవాటు, చట్టము పోయిన పిమ్మటను ఆయనను చాలకాలము విడువలేదని మా తండ్రిగారు చెప్పెడివారు.

మదరాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగష్టు 31వ తేదీనను ఆ చట్టము రద్దయ్యెను. ముద్ర చట్టమునుండి తొలగెను గాని మనస్సులనుండి యంత త్వరగా తొలగలేదు. కారాగార నియమావళులలో కులమును బట్టి పనులు పంచు పద్ధతి ఇటీవలి వఱకు నిలిచియుండెను. 2024 అక్టోబరు 3వ తేదీన సుప్రీముకోర్టు సుకన్యా శాంత గారి వ్యాజ్యమున అట్టి నిబంధనలు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసి, విముక్త జాతులవారిని ఇష్టానుసారముగా అరెస్టు చేయరాదని హెచ్చరించెను. 1911లో ఏ కోర్టు నోరు విప్పరాదనిరో, 2024లో ఆ విషయముననే దేశపు అత్యున్నత న్యాయస్థానము పలికినది. ఆ పలుకునకు వెనుక నొక పత్రికారచయిత్రి పరిశ్రమయు, న్యాయవాదుల వాదమును కలవు.

బీదవానికి వకీలు ఫీజెట్లు దొరకును? ఈ ప్రశ్నయు చరిత్రలో క్రమముగా పరిష్కృతమైనది. రాజ్యాంగము 22వ అధికరణము, అరెస్టయినవానికి న్యాయవాదిని సంప్రదించు హక్కును, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపబడు హక్కును ఇచ్చినది. 1979లో బీహారు జైళ్లలో విచారణ లేక యేండ్ల తరబడి మ్రగ్గిన ఖైదీల విషయమై హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యమున, బీదవానికి ఉచిత న్యాయసహాయము ప్రాణస్వాతంత్ర్య హక్కులోని భాగమేయని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1981లో ఖత్రీ వ్యాజ్యమున, ఆ సహాయము మేజిస్ట్రేటు ఎదుట మొదటిసారి నిలిపిన దినముననే అందవలెననెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చెను. దాని ననుసరించి షెడ్యూల్డు తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా న్యాయవాది లభించును. మన వారందఱును దీనికి అర్హులే. స్త్రీలకును, బాలురకును, నిర్బంధమున నున్న యెవ్వరికైనను ఇదే నియమము. 1898 నాటి కోడులో 340వ సెక్షనున నున్న హక్కు, 2024 జులై 1వ తేదీనుండి అమలగుచున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో మరల 340వ సెక్షనుననే యుండుట చిత్రము.

ఇక నిత్యవ్యవహారమున ఈ న్యాయవాది చేయు మేలేది? హత్యాభియోగములందే యతడు కావలెనని మనవారు తలంతురు. అది పొరపాటు. చేని గట్టు తగవు, పందులు తోటలో పడినవను జగడము, త్రాగిన మైకమున చేయి చేసికొనుట, బండి ప్రమాదము, చెల్లని చెక్కు, భార్యాభర్తల రచ్చ – ఇవియే మనలను కోర్టు మెట్లెక్కించునవి. నా పూర్వశిష్యు డొకడు, వీధిలో దొంగతనము జరిగిన రాత్రి కేవలము తన పేటను బట్టి ఠాణాకు పిలువబడెను. ‘తప్పు ఒప్పుకొనుము, జరిమానాతో పోవును’ అని బంధువులే సలహా యిచ్చిరి. ఆ పట్టణమందలి యొక న్యాయవాది ఆ యుదయముననే వచ్చి, వ్రాతమూలకమగు నోటీసు కలదా యని యడిగి, ఒప్పుకొనవలదని చెప్పి, ఆ రాత్రి అతడు పనిచేసిన చోటి హాజరుపట్టీని తెప్పించెను. విషయ మంతటితో ముగిసెను. ఒప్పుకొనియున్నచో ఆ బాలుని ఉద్యోగపు దరఖాస్తులో నేరస్థుడను మాట జీవితాంతము నిలిచియుండెడిది.

న్యాయవాది చేయు పనులను క్రమముగా చెప్పెదను. ఏడేండ్లవఱకు శిక్షగల నేరములందు అరెస్టు అవసరము లేనిచో, నోటీసు నిచ్చి పిలువవలెనను నియమమును అతడు గుర్తుచేయును. పోలీసువారు వ్రాసికొను వాఙ్మూలముపై చెప్పినవాడు సంతకము చేయనక్కఱలేదని తెలుపును. జామీను దరఖాస్తు పెట్టి, మోయలేని పూచీకత్తు అడిగినచో తగ్గింపుమని కోరును. రాజీకి వీలగు చిన్న నేరములలో రాజీ చేయించును; అట్టి రాజీ నిర్దోషిత్వముతో సమానము. మొదటిసారి తప్పు చేసినవానికి 1958 నాటి ప్రొబేషను చట్టముచే జైలు తప్పించి సత్ప్రవర్తనకు పూచీపై విడిపించును. విచారణలో నుండగనే, మొదటి నేరమునకు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము జైలులో గడపినవానిని, మరణశిక్షయో యావజ్జీవమో విధింపదగిన నేరము కానిచో, విడుదల చేయుమని కోరును. వీనిలో నొక్కటియు కపటము కాదు. చట్టము తానే వ్రాసియుంచిన దయను ఆర్తునకు అందించుటయే యది.

‘దొంగలను కాపాడు వృత్తి’ యని కొందఱు ఈ న్యాయవాదులను నిందింతురు. రాజమహేంద్రవరమున ప్లీడరుగా ప్రారంభించి బారిష్టరైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు, 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్యకు సంబంధించిన అభియోగమున నిందితుల పక్షమున వాదించిరి. ప్రభుత్వాగ్రహమునకు గుఱియైనవారి పక్షమున నిలుచుటకు ధైర్యము కావలెను. న్యాయవాది నేరమును కాపాడడు. నేరము రుజువు కాకమునుపు శిక్ష పడకుండ కాపాడును. ఆ రక్షణము లేనందుననే కదా మన తాతలు ఒక్క నేరమును రుజువు కాకయే మూడు దశాబ్దములకు పైగా నేరస్థులుగా బ్రదికిరి!

కావున ఈ మహాసభకు నా విన్నపములు మూడు. మొదటిది: ఠాణానుండి పిలుపు వచ్చిన గంటలోనే న్యాయవాదిని పిలువవలెను; తీర్పునాటికి పిలిచిన ప్రయోజనము స్వల్పము. ఫీజు లేనివారు 15100 సంఖ్యకు ఫోను చేసిన న్యాయసేవాధికార సంస్థవారు సహాయ మేర్పఱతురు. రెండవది: ప్రతి జిల్లాశాఖయు విశ్వాసపాత్రులైన న్యాయవాదుల పేళ్ల పట్టికను సిద్ధపఱచి పేటపేటకు పంచవలెను. ఒకప్పుడు మన పేళ్ల పట్టిక వారియొద్ద నుండెను. ఇపుడు న్యాయవాదుల పేళ్ల పట్టిక మనయొద్ద నుండవలెను. మూడవది పోషకమహాశయులకు: కల్యాణమంటపమునకు ఇచ్చు విరాళములో కొంత, ధర్మశాస్త్రము చదువగోరు మన బాలబాలికల విద్యార్థివేతనమునకు కేటాయింపుడు. మాండవ్యునికి ఒక్క మాట పలుకువాడు దొరకలేదు. మన పిల్లలలో నొక్కడైనను ఒంటరిగా బోనులో నిలువకుండ చూచుట మన చేతిలోనున్నది.

శుభం భూయాత్.