అవీచి: తెరిపి లేని నరకం
సంస్కృతంలో ‘వీచి’ అంటే అల. భాగవతంలోని అవీచి నరకంలో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాణ్ని నూరు యోజనాల కొండ మీంచి తలకిందులుగా తోస్తారు. కింద నీళ్లలా మెరిసేది అలలు లేని రాతినేల. బౌద్ధులు అవీచిని తెరిపి లేని నరకంగా చెప్పుకున్నారు. ఆ అర్థానికే చైనీయుల మాట ‘వూజియన్’. 2002 నాటి హాంకాంగ్ చిత్రం ‘ఇన్ఫర్నల్ అఫైర్స్’ చైనీస్ పేరులో ఉన్నది ఆ మాటే. అందుకే పోలీసుల్లో దూరిన ముఠా మనిషి అందులో చావడు. చేతులెత్తి, గుర్తింపు కార్డు చూపిస్తూ లిఫ్టులోంచి బయటికొస్తాడు. ఇక బతికినన్నాళ్లూ ఆ అబద్ధాన్ని మొయ్యాలి.

2006లో మార్టిన్ స్కోర్సేసీ దాన్ని ‘ది డిపార్టెడ్’గా మళ్లీ తీసి, ఆ మనిషిని కాల్చి చంపించాడు. ద్రోహికి శిక్ష పడాలి కదా అనవచ్చు. పైగా ఆ పేరుకు అర్థం ‘పోయినవారు’ కాబట్టి ముగింపు పేరుకు తగ్గదే. అయినా మూలకథే బరువైనదని నా నమ్మకం: ఆ తూటా అతనికి తెరిపి ఇచ్చేసింది.