ఫార్ములా మారుతి

ఫార్ములా మారుతి ఒంటి సీటు తేలికపాటి రేసు కారు. కోయంబత్తూరు తెలుగు నాయుళ్ల జౌళి కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ (1954–1995) దీన్ని రూపొందించి 1988లో ట్రాక్ ఎక్కించారు. భారత మోటారు క్రీడలో దీని స్థానం వేగం వల్ల వచ్చింది కాదు, చవకదనం వల్ల వచ్చింది. డ్రైవరు వీపు వెనక బిగించింది మారుతి 800 ఇంజనే: మూడు సిలిండర్లు, 796 సీసీ. సంతకు వెళ్లే కారులో అదే ఇంజను అప్పట్లో నలభై హార్స్‌పవర్ కూడా ఇచ్చేది కాదు. అయితే దాన్ని విప్పి బిగించగల మెకానిక్ నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ దొరికేవాడు. అంతకు ముందు రేసు కారంటే దిగుమతి సుంకం కట్టగలిగిన కొద్దిమంది సొత్తు.

ఇంత బలహీనమైన బండి రేసరును తయారు చేయగలదా అన్న ఆక్షేపణ తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ అందరి ఇంజనూ ఒకటే అయినప్పుడు, మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తిరిగి తెచ్చిపెట్టే శక్తి ఏ కారుకూ ఉండదు. గెలుపోటములు డ్రైవరు చేతిలోనే తేలతాయి. అసలు శిక్షణ అదే. నరేన్ కార్తికేయన్ తొలి పరుగులు శ్రీపెరుంబుదూరులో ఈ కారులోనే. 2005లో ఆయన ఫార్ములా వన్ చేరిన తొలి భారతీయుడయ్యారు. ఆ ఘనత కుటుంబ స్తోమతది, ఐరోపా శిక్షణది అనేవారున్నారు. వాటి పాత్ర నిజమే. అయినా ఐరోపా దాకా వెళ్లాలంటే ముందు ఇక్కడ ఎక్కడానికి ఒక మెట్టు కావాలి, ఆ మెట్టు కట్టింది కరివర్ధనే. 1995లో చిన్న విమానం కూలి ఆయన మరణించారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని రేస్ ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.