అంతర్జాలమున వంతుల చరిత్ర

మంగళగిరి పానకాలస్వామి భక్తులు సమర్పించిన పానకమున సగమే స్వీకరించి, తక్కిన సగమును ప్రసాదముగా విడుచునని మన పెద్దల విశ్వాసము. పాత్ర చిన్నదైనను పెద్దదైనను నియమ మొక్కటియే. పంపకమునకు ఇంతకన్న చక్కని దృష్టాంతము గలదా?

కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. అయినను ఎగువ రైతు తూము తెఱచి కూర్చున్నచో కాలువ చివరి చేను ఎండును. అంతర్జాలమునకును ఇదే న్యాయము. మన దేశమున ఈ సేవ 1995 ఆగస్టు 15న ప్రజలకు లభించినది. 2017 డిసెంబరు 27న మన సమీపముననున్న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించిరి. ప్రవాహము పెరిగినది, వంతుల చిక్కు పోలేదు. గ్రంథాలయమున ఒకరు చలనచిత్రమును దింపుకొనుచుండగా, ప్రక్కనే దరఖాస్తు నింపుచున్న విద్యార్థిని యెదుట తెర కదలక నిలిచిపోవును. గడువు ఆమెకొఱకు ఆగదు.

ఈ చిక్కును విడదీయుటకు పలువురు శ్రమించిరి. లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి 1991లో లినక్స్‌ను ఆరంభించెను. ఒక తీగపై ప్రవాహమును తరగతులుగా పంచు విధానమును 1995లో సాలీ ఫ్లాయిడ్, వాన్ జాకబ్‌సన్ వివరించిరి. మార్టిన్ దేవెరా రచించిన సులభతరమగు ‘హెచ్.టి.బి.’ పద్ధతి 2002లో లినక్స్‌లో చేరినది.

దాని నడక యిది. లోపలి యంత్రములకును బయటి అంతర్జాలమునకును నడుమనుండు ‘గేట్‌వే’ కంప్యూటరు ఒక్కొక్కరి పేర నియత వేగమున టోకెన్లను జమకట్టును. టోకెనున్నచో సమాచారపు ప్యాకెట్టు సాగును, లేనిచో వేచియుండును. సెకనుకు 20 మెగాబిట్ల తీగపై పదిమంది యున్నారనుకొందము. తలకు 2 మెగాబిట్లు హక్కు. తొమ్మండుగురు ఊరకున్నచో పదియవవారు ఆ మిగులును ఎరవుగా వాడుకొనవచ్చును. వారు మరల వచ్చినంతనే విడువవలెను. హక్కు చెడదు, మిగులు వృథా కాదు.

వందలమంది యున్నచోట మఱియొక చిక్కు. ప్రతి ప్యాకెట్టుకును ‘ఇది యెవరిది?’ యని మొదటి పేరునుండి వెదకినచో పంచెడి యంత్రమే అలసిపోవును. లెక్కలు వ్రాయువారు ఆవర్జాలో పుటలన్నియు త్రిప్పరు. ఖాతా సంఖ్యనుబట్టి తిన్నగా ఆ పుటనే తీయుదురు. లినక్స్‌లోని ‘హ్యాష్ పట్టిక’ చేయునదియు నిదియే. చిరునామా చివరి సంఖ్యనుబట్టి 256 గడులలో నొకదానికి నేరుగా పోవును.

ఎరవు తెచ్చిన పుస్తకమును గడువులోపల తిరిగి యిచ్చుట చందాదారులకు గ్రంథాలయము నేర్పిన మర్యాద. ఆ మర్యాదనే అంతర్జాలమునకును నియమముగా నిలిపినచో, చివరి బల్లయొద్ద కూర్చున్న విద్యార్థినికిని తన వంతు అందును.