కార్మికుల గాయాలు లెక్కకెక్కుతాయి, జబ్బులు ఎందుకు ఎక్కవు?

దేశంలోని నమోదిత కర్మాగారాల్లో 2017–2020 మధ్య ఏటా సగటున 1,100 మందికి పైగా కార్మికులు ప్రమాదాల్లో మరణించారు. ఈ లెక్క కేంద్ర కార్మిక శాఖ పరిధిలో ముంబయి కేంద్రంగా పనిచేసే డీజీఫాస్లీ సంస్థది. ఈ సంఖ్యను చదివేటప్పుడు ‘నమోదిత’ అన్న మాటను దాటిపోరాదు. ఇది దేశంలో పని చేస్తూ మరణించిన వారందరి లెక్క కాదు. 1948 నాటి కర్మాగారాల చట్టం కింద నమోదై, యాజమాన్యం సమాచారం పంపగా ప్రభుత్వానికి చేరిన మరణాల లెక్క మాత్రమే.

ఆ చట్టంలోని 88వ సెక్షన్ ప్రకారం ప్రమాదంలో కార్మికుడు మరణించినా, గాయపడి 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోయినా యాజమాన్యం అధికారులకు నోటీసు పంపాల్సి ఉండేది. ఆ నోటీసులు రాష్ట్ర కర్మాగారాల శాఖకు చేరతాయి. రాష్ట్రాలు పంపిన వివరాలను డీజీఫాస్లీ, లేబర్ బ్యూరో క్రోడీకరిస్తాయి. గనుల లెక్క వేరు. దానిని ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. ఆ సంస్థ మూలాలు 1902లోనే ఉన్నాయి. రేవులకు, భవన నిర్మాణానికి వేర్వేరు చట్టాలు, వేర్వేరు నోటీసులు ఉంటూ వచ్చాయి. నేర గణాంకాల బ్యూరో ప్రమాద మరణాల నివేదికలోనూ కర్మాగార, యంత్ర ప్రమాదాలకు ఒక పద్దు ఉంది. అయితే అది పోలీసు రికార్డుల ఆధారంగా తయారవుతుంది కనుక రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

48 గంటల నిబంధనలో ఒక చిక్కు ఉంది. చేతికి కట్టుతోనే కార్మికుణ్ని మరునాడు రప్పించి, తేలికపాటి పని అప్పగించి హాజరు వేస్తే ఆ గాయం గణాంకాల్లోకి రాదు. మరణాన్ని దాచడం కష్టం, గాయాన్ని దాచడం సులువు. అందుకే గాయాల సంఖ్య మరణాలకు కొన్ని రెట్లు మాత్రమే ఉన్న చోట పని సురక్షితంగా సాగుతోందని కాక, నమోదు సరిగా జరగడం లేదని అనుమానించడమే న్యాయం.

మరణాల లెక్క కూడా అన్నివేళలా తేలికగా తేలదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు అవసరమయ్యాయి. మృతుల సంఖ్య వారాల తరబడి మారుతూ వచ్చింది. బాధితుల్లో పలువురు ఇతర రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారు. ఆనవాళ్లు దొరకని వారి కుటుంబాలకు పరిహారం అందాలంటే, ఆ రోజు లోపల ఎవరున్నారో చెప్పే హాజరుపట్టీయే మొదటి సాక్ష్యం.

జబ్బుల విషయంలో పరిస్థితి ఇంకా క్లిష్టం. కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలులో 29 వ్యాధులుండేవి. సీసం, పాదరసం, బెంజీన్ విషప్రభావాలు, సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్, పత్తి ధూళితో వచ్చే బిసినోసిస్, చప్పుడు వల్ల కలిగే చెవుడు వీటిలో ఉన్నాయి. 89వ సెక్షన్ ప్రకారం వీటి సమాచారాన్ని యాజమాన్యమే కాక, చికిత్స చేసిన వైద్యుడు కూడా అధికారులకు పంపాల్సి ఉండేది. పంపని వైద్యుడికి ఆ చట్టం నిర్ణయించిన గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలుగా ఉండేది.

ప్రమాదానికి తేదీ, స్థలం, సాక్షులు ఉంటారు. సిలికోసిస్‌కు అవేవీ ఉండవు. రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరిన ఏళ్ల తరువాత ఆయాసం మొదలవుతుంది. అప్పటికి కార్మికుడు మరో యజమాని దగ్గర ఉండవచ్చు, సొంతూరికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఎక్స్‌రేలో ఇది క్షయను పోలి ఉండటంతో క్షయ మందులే వాడించిన ఉదాహరణలు తక్కువేమీ కాదు. రోగిని ‘మీరేం పని చేసేవారు?’ అని అడగని ఆసుపత్రిలో వృత్తివ్యాధి బయటపడదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పిల్లలు పలకపై దిద్దే బలపాలను కోసే కార్మికుల్లో సిలికోసిస్ తీవ్రత తెలిసింది యాజమాన్యాల నోటీసుల వల్ల కాదు, పరిశోధకులు వెళ్లి పరీక్షలు చేయడం వల్ల.

ఆస్‌బెస్టాస్ కేసులో సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పు ఈ కాల వ్యవధిని గుర్తించింది. కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. రాజస్థాన్ 2019లో మరో దారి ఎంచుకుంది. సిలికోసిస్ ఉన్నట్లు వైద్య మండలి ధ్రువీకరిస్తే 3 లక్షల రూపాయలు, మరణానంతరం కుటుంబానికి మరో 2 లక్షలు ఇచ్చే విధానం తెచ్చింది. యజమాని ఎవరో నిరూపించనవసరం లేకపోవడంతో రోగులు తామే ముందుకు వచ్చి పేర్లు నమోదు చేయించుకుంటున్నారు. లెక్క రావాలంటే నమోదైన వ్యక్తికి దానివల్ల ఏదో ఒకటి దక్కాలన్నది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించిన అంచనాల ప్రకారం ప్రపంచంలో పని కారణంగా ఏటా 29.3 లక్షల మంది మరణిస్తున్నారు. వారిలో సుమారు 26 లక్షల మంది ప్రాణాలు తీసేది జబ్బులే. ప్రమాదాల వాటా సుమారు 3.3 లక్షలు. ఈ నిష్పత్తితో పోలిస్తే కర్మాగార ప్రమాదాల పట్టికలకే పరిమితమైన మన చిత్రం తలకిందులుగా ఉంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి విడివిడి చట్టాలను ఒక్కచోటికి తెచ్చింది. పది మంది, ఆపైన పనిచేసే సంస్థలకు ప్రమాద నోటీసు బాధ్యత ఉంది. 29 వ్యాధుల జాబితా కొనసాగుతోంది. కానీ ‘కర్మాగారం’ నిర్వచనం మారింది. విద్యుత్తు వాడే చోట కనీస కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి, వాడని చోట 20 నుంచి 40కి పెరిగింది. రాబోయే ఏళ్లలో కర్మాగార ప్రమాదాలు తగ్గినట్లు పట్టికలు చూపితే, ఆ తగ్గుదలలో భద్రత వాటా ఎంతో, నిర్వచనం వాటా ఎంతో విడదీసి చూడాల్సి ఉంటుంది.